కప్పు దించే ముందు

ఎత్తయిన పాత కప్పు కింద కొత్త సీలింగ్ వేస్తే గది కళకళలాడుతుంది. పైన చెడినది బాగుపడిందా, మరుగున పడిందా అన్నదే అసలు ప్రశ్న.

మరైగూడలో ఇంటి కప్పు గురించి మాట్లాడితే అందులో సగం చరిత్రే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కుంట తహసీల్‌లో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరిది. ఇవతలకు వస్తే దుమ్ముగూడెం మండలం, ఇంకాస్త దిగితే భద్రాచలం. ఈ ప్రాంతం ఒకప్పుడు బస్తర్ జిల్లాలో ఉండేది, 1998లో దంతెవాడ జిల్లాలోకి వెళ్లింది, 2012లో సుక్మా జిల్లాలో భాగమయింది. జిల్లాలు మారినా ఇక్కడి ఇళ్ల తీరు చాలాకాలం మారలేదు. అడవి కర్రతో గుంజలు, వెదురు తడికకు మట్టి పూసిన గోడలు, వెదురు వాసాలు, పైన గూన పెంకులు. కాస్త కలిగినవాళ్లయితే ఇటుక గోడలు, టేకు దూలాలు, మంగుళూరు పెంకులు. గోడ ఎనిమిది తొమ్మిది అడుగులే ఉన్నా నడికొప్పు దగ్గరికి వచ్చేసరికి లోపలి ఎత్తు పద్నాలుగు, పదిహేను అడుగులకు చేరుతుంది.

2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక కుంట తాలూకాలో చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్కన వెలసిన శిబిరాలకు చేరారు. అలాంటి శిబిరాల్లో మరైగూడ ఒకటి. ఇంకా వేల మంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తర్వాత తిరిగి వెళ్లినవాళ్లున్నారు, వెళ్లనివాళ్లూ ఉన్నారు. మనిషి లేని పెంకుటిల్లు ఎంత త్వరగా పాడవుతుందో పల్లెటూరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క పెంకు జారితే ఆ సందులోంచి వాన దిగుతుంది. వాసం నానుతుంది. దానికి చెద పడుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి నడికొప్పు వంగిపోతుంది.

అలాంటి ఇంటిని మళ్లీ నిలబెట్టుకోవాలన్నా, తాతల నాటి ఇంటికి కొత్త రూపు ఇవ్వాలన్నా ఇవాళ ముందుగా వినిపించే సలహా ఒకటే. 'పైన ఎందుకు కెలుకుతారు? కింద సీలింగ్ కొట్టేద్దాం. మచ్చలు కనపడవు, దుమ్ము రాలదు, గది చల్లగా ఉంటుంది.' మేస్త్రీలు చెప్పే ఈ మాట మరైగూడకే పరిమితం కాదు. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోని పాత మేడలోనైనా, రాజమండ్రిలో గోదావరి గట్టు మీది మండువా ఇంట్లోనైనా, నలభై ఏళ్ల కిందట పోసిన స్లాబ్ పెచ్చులూడుతున్న ప్రభుత్వ క్వార్టర్లోనైనా ఇదే వినిపిస్తుంది.

ఈ సలహా పూర్తిగా తప్పని చెప్పలేం. కప్పు దించడం వల్ల లాభాలు నిజంగానే ఉన్నాయి. ఇబ్బంది అంతా పనుల వరసలో ఉంది. సీలింగ్ చివర చేయాల్సిన పని. దాన్ని ముందుగా చేస్తే ఇంట్లో కంటికి అందని ఒక చీకటి గది తయారవుతుంది. ఆ గది సరిగ్గా మన తల మీదే ఉంటుంది.

మేలుకట్టు నుంచి జిప్సం దాకా

కప్పు కింద కప్పు వేయడం మనకు కొత్తేమీ కాదు. పెళ్లి పందిట్లోనో, పూజగదిలోనో పైన కట్టే గుడ్డను మేలుకట్టు అంటాం. పెంకుల సందుల్లోంచి రాలే మట్టి, బల్లులు కింద పడకుండా అది ఆపేది. పెంకుటిళ్లలో గది మీద చెక్కలు పరిచి అటక వేసుకోవడం కూడా కప్పు దించడమే. ఊరగాయ జాడీలు, విత్తనాల మూటలు, పండగనాడు మాత్రమే దిగే ఇత్తడి గంగాళం అక్కడ ఉండేవి. గమనించాల్సిన సంగతేమిటంటే ఆ అటకకు నిచ్చెన ఉండేది. ఏదో ఒక వస్తువు కోసం నెలకోసారైనా ఎవరో ఒకరు పైకెక్కేవారు. ఎక్కినప్పుడు తడిసిన వాసమో, చెద పుట్టో కంటపడేది. కబురు కిందికి దిగేది.

బ్రిటిష్ దొరల బంగళాల్లోనూ గడ్డి కప్పు కింద సున్నం పూసిన గుడ్డ బిగించేవారు. కింద నుంచి చూస్తే తెల్లటి చదునైన సీలింగ్. పైన మాత్రం పాములు, ఎలుకలు, గబ్బిలాల రాజ్యం. రడ్‌యార్డ్ కిప్లింగ్ 1891లో వెలువడిన కథల సంపుటిలో 'ది రిటర్న్ ఆఫ్ ఇమ్రే' అన్న కథ ఇలాంటి ఇంట్లోనే నడుస్తుంది. ఇమ్రే అనే దొర ఉన్నట్టుండి మాయమైపోతాడు. కొన్నాళ్లకు ఆ బంగళాలో అద్దెకు దిగిన పోలీసు అధికారి, పాముల కోసం గుడ్డ పైకి తొంగిచూస్తే అతని శవం దొరుకుతుంది. అన్నాళ్లూ దాని కిందే భోజనాలు, నిద్రలు సాగాయి. కథ భయం పుట్టించడానికి రాసిందే అయినా, కింది కప్పుకూ పై కప్పుకూ మధ్య ఖాళీని ఎవరూ చూడరన్న సంగతి మీదే అది నిలబడింది.

ఇప్పుడు గుడ్డ పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, జిప్సం బోర్డు, పీవీసీ పలకలు వచ్చాయి. వీటికి నిచ్చెన లేదు, తలుపు లేదు. చుట్టూ వంకీలు తిప్పి, మధ్యలో లైట్లు పెట్టి అంచులు మూసేస్తారు. ఇక పైన ఏం జరిగినా మనకు తెలిసేది మచ్చ రూపంలోనే. జిప్సం మీద మచ్చ కనిపించేసరికి దాని పైన నీళ్లు చేరి చాలా రోజులై ఉంటుంది.

చెడింది ఎక్కడ?

ఏ కప్పయినా ఒక కారణంతోనే చెడుతుంది. కారణాన్ని బట్టి వైద్యం మారుతుంది.

పెంకుటింటికి మొదటి శత్రువు నీరు, రెండోది చెద, మూడోది పట్టించుకోకపోవడం. వానలకు ముందు ఏటా ఇల్లు నేయించుకోవడం పాత అలవాటు. పగిలిన పెంకులు తీసి కొత్తవి పెట్టి, జారినవాటిని పైకి జరిపి, ఆకూ అలమూ ఊడ్చేవారు. ఆ అలవాటు తప్పిన ఇంట్లో చూరు కొసలు ముందు కుళ్లుతాయి. వాసాలు గోడ మీద ఆనే చోట వేలితో నొక్కితే పొడి రాలుతుంటే ఆ వాసం పని అయిపోయినట్టే. మంచి వాసాన్ని కర్రతో కొడితే ఖంగుమంటుంది. చెద తిన్నదాన్ని కొడితే బొద్దుగా పలుకుతుంది.

బస్తర్ వైపు ఇళ్లలో ఇంకో విశేషం ఉంది. కట్టెల పొయ్యి పొగ రోజూ పైకెక్కి పెంకుల సందుల్లోంచి పోతుండటం వల్ల వాసాలకు మసి పట్టి, వెదురుకు పుచ్చు పురుగు అంత తేలిగ్గా చేరదు. 2016 మే 1న ఉజ్వల పథకం మొదలయ్యాక పల్లె వంటింట్లోకి గ్యాస్ వచ్చింది. ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు అది పెద్ద మేలు. దాంతోపాటు వెదురుకు పొగ రక్షణ పోతుంది. పొగ ఆగిన ఇంట్లో వాసాల కింద సన్నని పసుపురంగు పొడి రాలుతుంటే అది దుమ్ము కాదు, పుచ్చు. అలాంటి ఇంట్లో వాసాలకు మందు పూయించడం సీలింగ్ ఆలోచన కన్నా ముందు జరగాలి. పొయ్యి ఇంకా కట్టెలదే అయితే ఆ గదికి సీలింగ్ అసలు వద్దు. పొగకు దారి మూసుకుపోతే విషవాయువు గదిలోనే నిలుస్తుంది. పైగా ఎండిన కర్రకు, పీవీసీ పలకకు నిప్పు దగ్గరవుతుంది.

పట్నాల్లోని పాత మేడల సంగతి వేరు. టేకు దూలాలు దగ్గర దగ్గరగా పరిచి, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నం కాంక్రీటు దట్టించిన కప్పును మద్రాస్ టెర్రాస్ అంటారు. పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తున ఉండే ఈ కప్పుల్లో దూలం కొస గోడలో దూరిన చోటే ప్రమాదం. గోడలోకి దిగిన చెమ్మ అక్కడ నిలుస్తుంది. బయటికి కనిపించే దూలం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. గోడ లోపలి జానెడు మాత్రం గుల్లయి ఉంటుంది. రాయలసీమ మట్టి మిద్దెలది మరో బాధ. కురుస్తున్నప్పుడల్లా పైన చౌడు మట్టి పోస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బరువు పెరుగుతుంది, కింద దంతెలు బలహీనపడతాయి. వానాకాలంలో మిద్దె కూలి నిద్రలోనే ప్రాణాలు పోయాయన్న వార్త అక్కడ అరుదు కాదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూకంపం వచ్చినప్పుడు వేల మంది చనిపోవడానికి ఒక ముఖ్య కారణం రాతి గోడల మీద ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి కప్పుల బరువే.

స్లాబ్ ఇళ్ల జబ్బు తుప్పు. పైన నీళ్లు నిలిచి, పగుళ్ల గుండా దిగి ఇనుప ఊచను చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పొర పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూస్తే నెల రోజులు బాగుంటుంది. లోపల తుప్పు ఆగలేదు కనక ఈసారి ఇంకా పెద్ద పెచ్చు వస్తుంది. ఊచ మీద తుప్పును పూర్తిగా గీకి, సన్నబడిన చోట కొత్త ఊచ జతచేసి, రక్షణ పూత వేసి, ఆ తర్వాత మరమ్మతు మిశ్రమం పట్టించాలి. దానికన్నా ముందు పై నుంచి నీళ్లు దిగే దారి మూయాలి. ఇందులో ఏ మెట్టు దాటేసినా డబ్బు దండగ.

కనపడకపోతే లేనట్టేనా?

లండన్‌లోని అపోలో థియేటర్ 1901లో కట్టింది. 2013 డిసెంబరు 19 రాత్రి నాటకం నడుస్తుండగా పైకప్పు అలంకరణలో కొంత భాగం ఊడి ప్రేక్షకుల మీద పడింది. డెబ్బై మందికి పైగా గాయపడ్డారు. ప్లాస్టర్ సీలింగ్‌ను పై చట్రానికి పట్టి ఉంచిన గోనెనార కట్లు కాలక్రమేణా చివికిపోవడమే కారణమని తర్వాత తేలింది. కింద నుంచి చూసినవాళ్లకు పూలూ లతలతో మెరిసిపోయే సీలింగే కనిపించింది. దాని బరువు మోస్తున్న నారకట్లు ఎవరికీ కనిపించలేదు. ఈ ప్రమాదం తర్వాత అక్కడి పాత థియేటర్ల సీలింగ్‌లను పై నుంచి తనిఖీ చేయడంపై దృష్టి పెరిగింది.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా బాధాకరం. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోది గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పై నుంచి గులకరాళ్లు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని ఆ తర్వాత వార్తలొచ్చాయి. చెడిన కప్పు సాధారణంగా చెప్పకుండా కూలదు. పొడి రాలుస్తుంది, పగులు చూపిస్తుంది, వంగుతుంది, చప్పుడు చేస్తుంది. వీటిని వినడానికీ చూడటానికీ మధ్యలో అడ్డు ఉండకూడదు. కప్పును బాగుచేయకుండా దాని కింద సీలింగ్ బిగించడమంటే ఈ సూచనలన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేయడం. గులకరాయి జిప్సం బోర్డు మీద పడి అక్కడే ఉండిపోతుంది.

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం కథ కూడా కప్పుల కథే. నిజాం కాలంలో, 1925 ప్రాంతంలో పూర్తయిన ఆ భవనంలో ఎత్తయిన వార్డులు గాలీ వెలుతురూ ధారాళంగా ఉండేలా కట్టారు. పెచ్చులూడటం మొదలయ్యాక దాన్ని బాగుచేయాలా, పడగొట్టాలా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. 2020 జులైలో వాన నీరు వార్డుల్లోకి రావడంతో రోగులను తరలించి భవనాన్ని మూసేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. వారసత్వ భవనం కనక ఆ వాదనకు కోర్టులున్నాయి, నిపుణుల కమిటీలున్నాయి. మామూలు ఇంటికి ఇవేవీ ఉండవు. ఇంటాయన చూసుకోవాలి, లేదా ఇంటావిడ చూసుకోవాలి.

మరైగూడ, భద్రాచలం ప్రాంతంలో ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ అదురు దూరదూరాలకు తెలిసింది. గోదావరి లోయలో ఇల్లున్నవాళ్లకు అప్పుడప్పుడూ భూమి ఊగుతుందన్నది ఊహ కాదు. గుల్లయిన వాసానికి వేలాడదీసిన సీలింగ్ అలాంటి అదురుకు ముందుగా వచ్చేది మంచం మీదికే.

ఎంత దించాలి?

ఇక దించడమే నిర్ణయమైతే ఎంత దించాలన్నది అందం ప్రశ్న ఒక్కటే కాదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మనుషులు నివసించే గది ఎత్తు నేల నుంచి కప్పు అడుగు దాకా 2.75 మీటర్లకు, అంటే దాదాపు తొమ్మిది అడుగులకు తగ్గకూడదు. ఏసీ గదుల్లో సీలింగ్ అడుగు దాకా 2.4 మీటర్లు, అంటే దాదాపు ఎనిమిది అడుగులు ఉండాలి. వాలు కప్పున్న ఇంట్లో సగటు ఎత్తు 2.75 మీటర్లుంటే చాలు.

తొమ్మిది అడుగుల లెక్క వెనక మామూలు ఇంగితం ఉంది. ఫ్యాన్ రెక్కలు నేలకు కనీసం ఎనిమిదడుగుల ఎత్తున తిరగాలి. కప్పుకూ రెక్కలకూ మధ్య అడుగు ఖాళీ లేకపోతే ఫ్యాన్ గాలిని లాగలేదు. రెండూ కలిపితే తొమ్మిది. ఎనిమిదడుగుల సీలింగ్ కింద ఫ్యాన్ పెడితే దుప్పటి దులిపేటప్పుడు చెయ్యి తగులుతుంది. మంచం మీద నిలబడే పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

చల్లదనం మాటలో కూడా సగమే నిజం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల ఎత్తున్న గదిలో 1,680 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. కప్పును తొమ్మిదడుగులకు దించితే అది 1,080కి తగ్గుతుంది. ఏసీ ఉన్నవాళ్లకు ఇది లాభమే. ఏసీ లేని పెంకుటింట్లో మాత్రం ఎత్తే ఏసీ పని చేస్తుంది. వేడి గాలి నడికొప్పుకు చేరి పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది. ఆ దారి మూసేసి గాలి ఆడని సీలింగ్ వేస్తే ఏప్రిల్ రాత్రి పడుకోలేరు. స్లాబ్ ఇంట్లో పరిస్థితి దీనికి భిన్నం. పగలంతా ఎండ తాగిన స్లాబ్ రాత్రి వేడిని కిందికి వదులుతుంది. మధ్యలో సీలింగ్, దాని పైన గాలి పొర ఉంటే ఆ సెగ సూటిగా మన మీదికి రాదు. కనక స్లాబ్ ఇంటికి సీలింగ్ ఉపశమనం, పెంకుటింటికి గాలిదారి ఉంచితేనే ఉపశమనం. అందుకు పెంకుటింట్లో రెండు కొసల త్రికోణపు గోడల్లో జాలీ కిటికీలు పెట్టిస్తే చాలు. ఎలుకలు, గబ్బిలాలు దూరకుండా వాటికి సన్నని వల బిగించాలి.

సామగ్రి ఎంపికలోనూ ఊరిని చూసుకోవాలి. జిప్సం బోర్డు తడిస్తే మెత్తబడి వంగుతుంది. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోట, ఒక్క పెంకు జారినా తడి ఖాయమైన ఇంట్లో అది సరైన జోడీ కాదు. బస్తర్‌లోనూ గోదావరి గట్టునా వెదురు తడికలు అల్లే చేతులు ఇంకా ఉన్నాయి. మందు పట్టించిన వెదురు తడికను చెక్క చట్రంలో బిగిస్తే తేలిగ్గా ఉంటుంది, గాలి ఆడుతుంది, పాడైన పలకను ఒక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. కింద పడినా తల పగలదు. చెక్క పలకలు ఖరీదైనా ఎక్కువ కాలం నిలుస్తాయి. పీవీసీ తడికి చెదరదు, నిప్పుకు మాత్రం ఆగదు. స్లాబ్ ఇంట్లో నీటి దారి పూర్తిగా మూశాక జిప్సం వాడుకోవచ్చు.

పని వరస

అనుభవజ్ఞులైన ఇంజినీర్లు చెప్పే వరస ఇంచుమించు ఇలా ఉంటుంది.

మొదట కప్పుకు ఊతం. వంగిన దూలం కింద, పెచ్చులూడే స్లాబ్ కింద పని మొదలయ్యేలోపే సపోర్టు కర్రలు నిలపాలి. ఆ గదిలో పడక మానేయాలి. తర్వాత పరీక్ష. పగులు మీద అడ్డంగా పెన్సిల్ గీత గీసి తేదీ రాసి, నెల తర్వాత గీత తెగిందా జరిగిందా చూడాలి. జరుగుతుంటే అది గోడ కుంగడమో, దూలం వంగడమో. అప్పుడు మేస్త్రీ కాకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాలి. ఆయన ఫీజు సీలింగ్ ఖర్చులో చిన్న భాగమే. మూడోది మరమ్మతు. కుళ్లిన వాసాలు మార్చడం, చెద మందు, పెంకులు తిరిగి నేయించడం, లేదా స్లాబ్ మీద నీరు నిలవకుండా వాలు సరిచేయడం.

నాలుగోది చాలామందికి నచ్చనిది. ఆగడం. మరమ్మతు తర్వాత ఒక వానాకాలం గడవనివ్వాలి. నైరుతి వానల్లో కప్పు ఎక్కడా కారకపోతే దసరా తర్వాత సీలింగ్ మొదలుపెట్టవచ్చు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుని దానికి వెనక నుంచి లెక్కలు కట్టేవాళ్లు ఈ మెట్టునే దాటేస్తారు.

అయిదోది సీలింగ్ బరువు ఎవరు మోయాలన్నది. 120 చదరపుటడుగుల గదికి పన్నెండున్నర మిల్లీమీటర్ల జిప్సం బోర్డులే తొంభై కిలోలకు పైగా తూగుతాయి. ఛానెళ్లు, పుట్టీ కలిపితే 120 కిలోల దాకా వస్తుంది. ఇద్దరు పెద్ద మనుషులు పై నుంచి వేలాడుతున్నట్టు లెక్క. దెబ్బతిని బాగుచేసిన పాత కప్పుకు ఆ బరువు తగిలించకుండా గోడ నుంచి గోడకు విడిగా దూలాలు వేసి కొత్త సీలింగ్‌ను వాటి మీద నిలపడం మేలు. మట్టి గోడలైతే వాటికీ ఆ భారం వద్దు. గది మూలల్లో గుంజలు పాతి వాటి మీద చట్రం కట్టాలి. ఫ్యాన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బోర్డుకు బిగించకూడదు. దాని కొక్కెం గట్టి దూలానికో, స్లాబ్‌కో ఉండాలి. సీలింగ్ పైన పరిచే కరెంటు తీగలన్నీ గొట్టంలోనే పోవాలి. ఉడతలు, ఎలుకలు కొరికిన తీగ దగ్గర రేగే నిప్పు బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

చివరిది, అన్నిటికన్నా చవకైనది, ఒక చిన్న తలుపు. రెండడుగుల చదరంలో మనిషి తల, భుజాలు పట్టేంత. నిచ్చెన వేసి టార్చిలైటుతో ఏడాదికి రెండుసార్లు, వానల ముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి చూస్తే చాలు. సీలింగ్ అందం చెడుతుందని పనివాళ్లు వద్దంటారు. గది మూలనో, బీరువా మీదుగానో పెట్టిస్తే ఎవరి కంటికీ ఆనదు. పాత అటకకు ఉన్న నిచ్చెన చేసిన పనే ఈ తలుపూ చేస్తుంది.

బీదవాళ్లకు ఇదంతా ఎక్కడ కుదురుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కింద కనీసం 25 చదరపు మీటర్ల ఇంటికి మైదాన ప్రాంతాల్లో లక్షా 20 వేలు, కొండ ప్రాంతాల్లో, నక్సల్ ప్రభావిత జిల్లాల్లో లక్షా 30 వేల రూపాయల సాయం నిర్ణయించారు. సుక్మా రెండో కోవలోకే వస్తుంది. ఆ డబ్బుతో కొత్త గది లేస్తుంది. దాని పక్కనే పాత పెంకుటిల్లు ఉండిపోతుంది, ధాన్యానికో, పెద్దవాళ్ల పడకకో. పాత ఇంటి కప్పు బాగుచేసుకోవడానికి ఏ పథకమూ అంతగా గుర్తుకు రాదు. అలాంటి చోట సీలింగ్‌కు పెట్టే పది, పదిహేను వేలను వాసాలకూ పెంకులకూ పెట్టడమే తెలివైన పని. కప్పు గట్టిపడితే సీలింగ్ లేకున్నా బతకవచ్చు. కప్పు కుళ్లిపోతే సీలింగ్ ఉన్నా లాభం లేదు.

ఎత్తయిన కప్పులు కట్టినవాళ్లు డబ్బు ఎక్కువై కట్టలేదు. వేడికి దారి కావాలని, పొగకు చోటు కావాలని, ఏటా ఒకసారి తలెత్తి చూసుకుంటే ఏది చెడిందో తెలియాలని కట్టారు. మన అవసరాలు మారాయి కనక ఎత్తు తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు. ఈ వేసవిలో ఎవరైనా సీలింగ్ పనికి బయానా ఇవ్వబోతుంటే ముందు పనివాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి. పైన ఎందుకు చెడింది? రేపు మళ్లీ చెడితే నాకెలా తెలుస్తుంది? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పినవాళ్లకే పని అప్పగించాలి.